గుట్ట మీద గాలి, నా చేతిలో రిమోట్

జూన్ 8, ఆదివారం

మూడో విమానం కూడా పోయింది. రెండు నెలలు కోసి, గీకి, అతికించిన రెక్క. గాల్లో ఉన్నది రెండు నిమిషాలు.

గాలి మాత్రం బ్రహ్మాండం ఇవాళ. పడమటి నుంచి వచ్చి గుట్టకు కొట్టుకుని పైకి లేస్తోంది. మోటరు లేని విమానానికి ఇంకేం కావాలి... యూసుఫ్ భాయ్ పదేళ్లుగా ఆ గుట్ట మీద ఎగరేస్తున్న మనిషి, ఆయనే టోపీ పట్టుకుని నిలబడ్డాడు.

చేసింది నేను. ఎగరేసింది అన్న. ఎప్పటిలాగే.

విమానం కిందికి దిగుతుంటే రిమోట్ పుల్లను తన వైపు లాగేశాడు. పతంగుల అలవాటు. పతంగి పడిపోతుంటే దారం లాగితే లేస్తుంది. ఇది లాగితే ముక్కు పైకెత్తి, గాల్లో ఆగి, దబ్బున పడుతుంది. "ఖీంచో నక్కో! ఢీల్ దేవ్!" — లాగొద్దు, వదులు అని యూసుఫ్ భాయ్ అరుస్తూనే ఉన్నాడు. మా అన్న చార్మినార్ గల్లీల్లో పతంగుల ఉస్తాద్ కదా, ఒకరు చెబితే వింటాడా.

"నీ గమ్ము గట్టిగ లేదు చెల్లె."

ఆడలేక మద్దెల ఓడు!

జూన్ 10

కోపం రెక్క విరిగినందుకు కాదు. మూడు విమానాలు చేశాను. నేను ఎగరేసింది ఒక్క నిమిషం కూడా లేదు.

జూన్ 12

ఆఫీసు నుంచి వచ్చి బాల్కనీలో కూర్చున్నా. కొత్త రెక్క. వేడి తీగ పెట్టి థర్మాకోల్ కోస్తుంటే కమ్మగా జారుతుంది... వాసన మాత్రం ఘోరం. మా ఆయన గుడికి బయల్దేరుతూ ముక్కు మూసుకున్నాడు. అత్తమ్మ వంటింట్లోంచి — "నైవేద్యం వండుతుంటె ఈ కంపేందే సుజాతా!"

తలుపేసి కోశాను. ఈసారి మొదట నేనే ఎగరేస్తా. ఇక్కడ రాసుకుంటే వెనక్కి తగ్గనని రాస్తున్నా.

జూన్ 22, ఆదివారం

"ఇయ్యాల నేనే ఎగరేస్త అన్నా."

అన్న నవ్వాడు. "అరె, ఎగరెయ్! వద్దన్నదెవ్వరు?" పరుగెత్తి విమానం విసిరింది కూడా తనే. మంచోడే. అదే వచ్చిన చిక్కు.

పది సెకన్లు ఉందో లేదో. తలెత్తి చూస్తే ఆకాశంలో ఏమీ లేదు. కింద ముళ్లపొదల్లో తోక కనిపించింది.

"హాతాఁ నక్కో దేఖో బేటీ, ఆస్మాన్ దేఖో." యూసుఫ్ భాయ్ మెల్లగా చెప్పాడు, నాకొక్కదానికే వినబడేలా. నేను ఎగరేసినంతసేపూ నా చేతులే చూసుకున్నానట. అసలు పైకే చూడలేదట!

జూన్ 23

రాత్రంతా అదే ఆలోచన. చేతులు ఎందుకు చూశాను?

ఏడేళ్లప్పటి నుంచి పెళ్లయ్యేదాకా మా డాబా మీద అన్న వెనక నిలబడి చరఖ్ పట్టింది నేనే. మాంజా దారం చుట్టిన చరఖ్ పట్టినవాళ్లు పతంగిని చూడకూడదు. ఎగరేసేవాడి చేతుల్ని చూడాలి. చేయి వదిలితే తిరగనివ్వాలి, లాగితే చుట్టాలి. చిక్కు పడితే తిట్లు మనకే. పతంగి కోసిన లొల్లి వినబడితే గెలిచామని తెలిసేది. అన్ని పతంగుల్లో ఒక్కటీ నేను సరిగ్గా చూడలేదు.

ఆడపిల్ల పతంగి ఎగరేయొద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఎగరెయ్ అని కూడా అనలేదు. "చెల్లే, చరఖ్ పట్టు" — అంతే.

ఏడుపొచ్చింది. ఈ వయసులో పతంగి కోసం!

జూన్ 25

రిమోట్ ఆన్ చేయకుండా డాబా మీద ప్రాక్టీసు. మూసీ వైపు నుంచి గద్దలు వస్తాయి. ఒక గద్దను చూపుతో పట్టుకుని... అది ఎటు తిరిగితే అటు బొటనవేలు. కళ్లు కిందికి దింపొద్దు. మెడ పట్టేసింది.

అత్తమ్మ బట్టలు ఆరేయడానికొచ్చి కాసేపు చూసింది. "గద్దకు రిమోట్ పెట్టినవా ఏంది?"

జూన్ 28

ఇవాళ గద్ద నా మాట విన్నది. (నేనే దాని మాట విన్నా. ఏదైతేనేం.)

జూలై 6, ఆదివారం

ఎగరేశాను! నేనే. ఒకటిన్నర నిమిషం. కిందికి చూడలేదు.

తర్వాత జరిగింది రాయాలంటే సిగ్గేస్తోంది. విమానం కొంచెం దూరం పోయింది. అన్న పక్కకొచ్చి చేయి చాపాడు. "తే ఇటు, నేను దింపుత." ఇచ్చేశాను. గుంజుకోలేదు, గదమాయించలేదు. చేయి చాపాడు, ఇచ్చాను. చక్కగా దింపాడు కూడా. ఇప్పుడు లాగడం మానేశాడు, నేర్చుకున్నాడు. అక్కడున్న నలుగురూ చప్పట్లు కొట్టారు — అన్నకు.

యూసుఫ్ భాయ్ మాత్రం కొట్టలేదు.

జూలై 13

వాన. గుట్ట బంద్.

జూలై 20

బోనాలు. ఇంటినిండా చుట్టాలు, రోడ్లన్నీ బంద్. గాలి మస్తుగా ఉంది, మావిడాకులు ఊగుతుంటే చూస్తూ కూర్చున్నా.

జూలై 27, ఆదివారం



అన్న పురానాపూల్ మీదుగా వచ్చి బండి మీద తీసుకెళ్లాడు. గుట్ట ఎక్కేసరికి గాలి కొంగు నిలవనివ్వడం లేదు. అన్న విసిరాడు. రిమోట్ నేను పట్టుకున్నా. ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు... గుట్ట అంచు వెంబడి పోతోంది, వస్తోంది. దిగుతుంటే కొంచెం వదిలితే చాలు, అదే ఊపు అందుకుని లేస్తోంది. మూడు నిమిషాలు. ఐదు.

మబ్బు కమ్మింది. గాలి పడిపోయింది. విమానం గుట్ట కన్నా కిందికి జారింది. పక్కన అన్న చేయి.

"తే, చెల్లె."

"ఇయ్య."

"అరె, పడిపోతది!"

"పడితే పడనియ్ అన్నా. ఇయ్య."

ఇంత గట్టిగా అన్నతో ఎప్పుడూ మాట్లాడలేదు. అన్న చేయి ఎప్పుడు దించుకున్నాడో నేను చూడలేదు, చూసే తీరిక లేదు. బండల పక్కన ఎక్కడో కాస్త గాలి దొరికింది. గద్దలు తిరిగే చోటు. అక్కడే తిప్పుకుంటూ తిప్పుకుంటూ పైకి తెచ్చి, వెనక గడ్డిలో దింపాను. దింపడమంటే పడేయడమే, ముక్కు సొట్ట పోయింది. రెక్క బాగుంది! యూసుఫ్ భాయ్ గడియారం చూసి "బారా మినిట్" అన్నాడు. పన్నెండు.

కూర్చుండిపోయా. ఇంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు.

అన్న గడ్డిలోంచి విమానం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. తిరిగి వస్తుంటే కిషన్‌బాగ్ మలుపులో బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే — "వచ్చే ఐతారం నేను రావాల్నా, వద్దా?"

రా అన్నా అనాలి. రిమోట్ ముట్టకు అని కూడా అనాలి. రెండూ కలిపి నోట్లోంచి రాలేదు. "ఫోన్ చేస్త" అన్నాను, పిచ్చిదానిలాగా.

జూలై 28

ఫోన్ చేయలేదు. అన్న రావాలనే ఉంది. లేకపోతే విసిరేదెవరని కాదు. తను రాని గుట్ట నాకొద్దు.

జూలై 30

పొద్దున అన్న మెసేజ్. తన దుకాణంలో గల్లాపెట్టె పక్కన పెద్ద థర్మాకోల్ షీటు నిలబెట్టిన ఫోటో. కింద — "రెక్క ఎట్ల కోస్తరు? నాకు నేర్పుతవా?"

నలభై ఏళ్లలో అన్న నన్ను ఏదైనా నేర్పమని అడగడం ఇదే మొదటిసారి. ఆఫీసులో రెండుసార్లు బాత్రూంకి పోయి మళ్లీ మళ్లీ చదువుకున్నా.

'నేర్పుత. నీ విమానం నువ్వు ఎగరెయ్, నాది నేను ఎగరేస్త.' టైపు చేశాను. రెండో ముక్క తీసేశాను. మళ్లీ పెట్టాను. రాత్రి తొమ్మిదైంది... ఇంకా పంపలేదు.