ఏడో నంబరు గింజ

మార్చి 4
రీసెర్చ్ స్టేషన్ పొలంలో నల్లజీలకర్ర కాయలు రంగు తిరుగుతున్నాయి. ట్రయల్‌లో రకాలు చాలా ఉన్నా అసలు పోటీ రెండింటికే. నాలుగో నంబరు బావది. ఏడోది నాది. ఆరేళ్లు ఒక్కో మొక్కా చూసి ఏరుకున్నాను. బావ అంటే అక్క మొగుడు, మా ప్రాజెక్టుకు హెడ్డు. ఇంట్లో అల్లుడుగారు, ఇక్కడ సార్. రెండు చోట్లా ఆయన మాటే చెల్లుతుంది.

ఏడోది ముందు పండుతుంది. పండాక ఆగితే కాయ పగిలి గింజ నేలపాలు. నాలుగోది ఇంకా పచ్చిగానే ఉంది. నాది ముందు కోసుకుంటానని అడిగాను.

"ఒక ట్రయల్‌కి ఒకటే కోత. మరదలివని రూల్ మారిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

ఆ రూలు ఎవరికి చుట్టమో నాకు తెలుసు.

మార్చి 9
కాయలు పగలడం మొదలైంది.

మార్చి 11
అక్క ఫోన్. బావ ఇంట్లో మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడట. ఉద్యోగం ఇప్పించింది ఆయనేనని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టొద్దని అంది. పరీక్ష రాసింది నేను, ఇప్పించింది ఆయన. సరే. అక్క కాపురంలో నిప్పులు పోయలేక మళ్లీ అడగలేదు.

మార్చి 16
కోత. పొద్దుటి నుంచి గాలి. నా ప్లాట్‌లో నేలంతా నల్లగా ఉంది, గింజలే. కొడవలి తగిలితే చాలు, మిగిలినవీ రాలాయి. కూర్చుని ఏరబోతే, రాలింది లెక్కలోకి రాదు లెమ్మన్నాడు బావ, అందరి ముందూ. తూకంలో నాలుగోదానికి సగం కూడా తూగలేదు. సాయంత్రానికల్లా ట్రాక్టరు తెప్పించి దున్నించేశాడు. ఎంత శుభ్రమో ఆయనకు.

బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 27
నూనె రిజల్ట్స్ వచ్చాయి. నాలుగోదాని నూనెలో పస లేదు. ఏడోదాని సీసా మూత తీస్తే ఆ ఘాటుకు పక్కగదిలో క్లర్కు తుమ్మాడు. మందుకు పనికొచ్చే సరుకు మూడు రెట్లు. బావ ఆ కాగితం చాలాసేపు చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 8
కమిటీ నాలుగోదాన్ని రైతులకిచ్చే రకంగా రిలీజ్‌కి పంపింది. ఏడోది దిగుబడి చాలక డ్రాప్.

ఏప్రిల్ 9, మధ్యాహ్నం
బావ గదిలోకి పిలిచి కాఫీ తెప్పించాడు. అప్పుడే అనుమానం వచ్చింది.

"మిగిలిన ఏడో నంబరు గింజంతా నాకిచ్చెయ్. నాలుగోదాంతో క్రాస్ చేస్తా. ఆ నూనె దీంట్లోకి వస్తే ఇక తిరుగుండదు."

కొత్త రకం ఎవరి పేరున వస్తుందని అడిగాను. మనలో మనకు నీది నాది ఏమిటని నవ్వాడు. ప్రాణం తీసి కళ్లు దానమడుగుతున్నాడు. దాని విలువ మొదటి నుంచీ తెలుసన్నమాట. తెలిసే నా కోత ఆపాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

రేపు తెస్తానన్నాను. ఉన్న గింజంతా నా బీరువాలో రేకు డబ్బాలో ఉంది. ఇంకెక్కడా లేదు.

ఏప్రిల్ 10
ల్యాబ్‌లో నూనె తీసే మెషిన్‌లో పోశాను. మొత్తం. ఆరేళ్ల పని ఒక్క సీసా అయింది. ఏ గింజదో చెప్పకుండా, నొప్పులకు మంచిదని అక్కకు పంపాను.

గింజకు పురుగు పట్టి పారేశానని బావకు చెప్పాను. నమ్మలేదు. నా కాంట్రాక్టు ఇక పొడిగించడట.

ఏప్రిల్ 24
అక్క ఫోన్. "ఆ నూనె రాస్తుంటే మీ బావ మోకాలి నొప్పి సగం తగ్గిందే. ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నారు."

దొరకదన్నాను.