కోయంబత్తూరు నుంచి ఒక క్లిక్

5 ఆగస్టు 2025, మంగళవారం

తమిళం నడిచే ఊళ్ళో ఉన్నా ఈ ఇంట్లో తెలుగు మాట్లాడటం అందరికీ వచ్చు. చదవడం నాకొక్కదానికే వచ్చు. తాతయ్య పలక మీద దిద్దించాడు. తమ్ముడు చంద్రుకీ నేర్పాలని చూశాడు, వాడు పలక పగలగొట్టాడు. అందుకే ఈ డైరీకి తాళం అక్కర్లేదు. బల్ల మీద తెరిచి పెట్టినా మావాళ్ళకి ఇది ముగ్గుల పుస్తకమే.

ఈరోజు ఆఫీసులో చీరల కొట్టువాళ్ళ రిపోర్ట్. వెబ్‌సైట్‌లో క్లిక్‌లు పన్నెండు శాతం పడిపోయాయి. సెగ్మెంట్ మార్చి చూడు సింధూరీ అన్నాడు ప్రేమ్‌నాథ్ సార్. మొబైల్‌లో వచ్చే పాత కస్టమర్లను మాత్రం విడిగా తీస్తే తొమ్మిది శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అలాగే తీసి పంపాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిజం కూడా లేదు. నాకు జీతం ఇచ్చేది దీనికే.

మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ ముందు పెట్టుకుని నా సొంత రిపోర్ట్ తెరిచాను. రోజూ తెరుస్తాను.

8 ఆగస్టు, శుక్రవారం

సొంత రిపోర్ట్ అంటే చంద్రు రిపోర్ట్. ఒకసారైనా మొదటినుంచీ రాసుకోవాలి.

పోయిన ఏడాది జులై ఎనిమిదిన వాడు వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. సౌకార్‌పేటలో మాది లేసుల హోల్‌సేల్ కొట్టు. ఎవరికో జరీ అంచు కొలత తప్పు కోశాడని నాయన వాణ్ణి లేసు కొలిచే ఇనప బద్దతో కొట్టాడు. కస్టమర్ల ముందు, పనివాళ్ళ ముందు. వాడు ఏడవలేదట. ఫోన్ గల్లాపెట్టె మీద పెట్టి మెట్లు దిగాడట. అంతే. పోలీసు కంప్లెయింట్ ఇచ్చాం, బంధువుల ఇళ్ళన్నీ తిరిగాం.

ఆరోజు నుంచి అమ్మ నాయనతో మాట్లాడదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, మధ్యలో నేనుంటాను. ఆయనకు ఇంకొంచెం సాంబారు కావాల్నా అడుగు అంటుంది అమ్మ. చాలని చెప్పు అంటాడు నాయన. చూలై పేటలో మాది రెండు గదుల ఇల్లు, దానికి నేనొక దుబాసీని.

ఈ మార్చిలో ఒక పేజీ చేశాను. వాడి ఫోటో, నా నంబరు, ఒకే ఒక బటన్. దాని మీద అమ్మ గొంతు అని తమిళంలో రాశాను, వాడికి చదవొచ్చేది అదే కాబట్టి. నొక్కితే నలభై సెకన్లు అమ్మ మాట్లాడుతుంది. చంద్రూ, తిన్నావా, ఈడ నిన్ను ఎవురూ ఏమీ అనరు, కొట్టింది తప్పేనని మీ నాయనకు తెలుసు, ఆయన నోరు తెరిచి చెప్పలేడు, నువ్వు వచ్చేయి అని.

నాయనకు తెలుసని అమ్మకెలా తెలుసో. అడగలేదు.

9 ఆగస్టు, శనివారం

నిన్న చెయ్యి నొప్పి పుట్టి ఆపేశాను. మిగతాది.

మొదటి నెల ఆ బటన్ మీద 612 క్లిక్‌లు. అయ్యో పాపం అని షేర్ చేసినవాళ్ళు. మొత్తం క్లిక్‌ల లెక్క ఎప్పుడూ మనల్ని సంతోషపెట్టడానికే ఉంటుంది. కాబట్టి ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిచాను. ఇంటి వైఫై తీసేశాను. నా ఫోన్ తీసేశాను. ఒక్కసారే వచ్చి పోయినవాళ్ళను తీసేశాను. నెలకింత మంది అనేది తగ్గుతూ వచ్చింది.

జూన్‌లో ఒక్కరు మిగిలారు. జులైలో ఇరవై ఏడు క్లిక్‌లు, మనిషి మాత్రం ఒకడే. పాత ఆండ్రాయిడ్ ఫోన్. రోజూ మధ్యాహ్నం మూడు దాటాక. ఆదివారాలు రాడు. ఊరు కోయంబత్తూరు.

వస్తాడు, నొక్కుతాడు, చివరిదాకా వింటాడు, పోతాడు. నా నంబర్ మీద మాత్రం నొక్కడు. ఇది చంద్రు కాకపోతే ఇంకెవరు?

12 ఆగస్టు, మంగళవారం

అమ్మకు చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. ఏడాదిగా రాత్రి భోజనం ముట్టనిది ఈరోజు కూర్చుని తిన్నది.

నాయన తమిళ పేపరు దించకుండానే ఏ ఊరన్నావు అని అడిగాడు. చెప్పాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. పేపరు అలాగే పట్టుకున్నాడు, పేజీ మాత్రం తిప్పలేదు.

17 ఆగస్టు, ఆదివారం

సున్నా.

ఈపొద్దు నొక్కినాడా అని అమ్మ నాలుగుసార్లు అడిగింది. హోటల్లో పని చేస్తుంటాడేమో, ఆదివారం రద్దీ అని నోటికొచ్చింది చెప్పాను. అమ్మ ఆ హోటల్‌ని పట్టుకుంది. ఆడ వాడికి నూనె పడతాదో లేదో, చిన్నప్పట్నుంచీ వాడికి పైత్యం అంటూ కంచంలో చెయ్యి కడిగేసుకుంది. లేని హోటల్‌కి నేను పేరొక్కటే పెట్టలేదు.

20 ఆగస్టు, బుధవారం

నొక్కాడు. 3:04. అమ్మ రసం రెండోసారి పోసుకుంది.

30 ఆగస్టు, శనివారం. కోయంబత్తూరు, సాయంత్రం

తీసుకొని పోతావా, నేనొక్కతే పోవాల్నా అంది అమ్మ. తెల్లారి రైలెక్కాం. నాయన రానన్నాడు. కానీ స్టేషన్ దాకా వచ్చాడు, వాడికి ఈ కలరు నప్పుతుంది అని ఒక కొత్త చొక్కా నా చేతిలో పెట్టాడు. అమ్మకు ఇవ్వడానికి ధైర్యం చాలలేదు.

రెండింటికి దిగాం. టౌన్‌హాల్ దగ్గర లేసుల కొట్లన్నీ తిరిగాం, వాడికి తెలిసిన పని అదొక్కటే కదా. ఫోటో చూపించాను. చూసినవాళ్ళంతా మంచివాళ్ళే. ఒకాయన అమ్మకు స్టూలు వేశాడు.

3:06కి ఫోన్‌లో క్లిక్ పడింది. కోయంబత్తూరు. అమ్మకు చూపించకుండా ఉండాల్సింది. చూపించాను. ఆమె స్టూలు మీంచి లేచి రోడ్డు మీదికి పరిగెత్తింది. చెవి దగ్గర ఫోన్ పెట్టుకున్న ప్రతి కుర్రాడి మొహంలోకీ తొంగి చూసింది. ఒకడు భయపడిపోయాడు. ఆమె చెప్పులు కొట్లోనే ఉండిపోయాయి.

ఇప్పుడు స్టేషన్‌లో ఉన్నాం. అమ్మ నన్ను తిట్టడం లేదు. ఈ ఊళ్ళోనే ఉండాడు, గాలి తెలస్తా ఉంది అంటోంది.

3 సెప్టెంబరు, బుధవారం

ఆఫీసులో ఏ పనీ కాలేదు. పక్క సీటు జీవిత నా వంతు రిపోర్ట్ కూడా తనే చేసింది. ఏమిటని అడగలేదు, దానికి దండం.

11 సెప్టెంబరు, గురువారం

నాయన బీపీ మాత్రలు ఇంట్లో మరిచిపోయాడు. హాఫ్ డే పెట్టి ఆటోలో కొట్టుకు వెళ్ళాను. గుమాస్తా మునికృష్ణ నన్ను చూసి తడబడ్డాడు. అయ్య పైన గోడౌన్‌లో ఉండారు, కొంచేపు కూసోండి పాపా అన్నాడు. టైమ్ చూశాను. 3:05. ఈ క్షణం పేజీలో ఎవరున్నారో చూపించే రియల్‌టైమ్‌ని అలవాటుగా తెరిచాను. ఒకరు. కోయంబత్తూరు.

మెట్లెక్కాను. లేసు చుట్టల వెనక నుంచి అమ్మ గొంతు వస్తోంది. తిన్నావా అంటోంది.

నాయన మూటల మీద కూర్చుని, నేనెప్పుడూ చూడని ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆదివారం కొట్టు మూత. నాయన దగ్గర బటన్ల ఫోనే కదా అని కొట్టును నేను లెక్కలోకే తీసుకోలేదు. మొబైల్ డేటాలో వచ్చేవాళ్ళ ఊరు నమ్మొద్దు, లైను ఏ ఊరు మీదుగా పోతే ఆ ఊరే పడుతుంది అని క్లయింట్లకి స్లైడ్ చేసింది ఎవరు? నేను. ఏడో స్లైడ్. ముప్ఫైమందికి చెప్పుంటాను.

నన్ను చూసి దొంగతనం చేసినవాడిలా లేచాడు. తనే చెప్పుకొచ్చాడు. మునికృష్ణ పాత ఫోన్ ఇచ్చి నేర్పించాడట. మీ అమ్మ మాటాడి ఎన్ని నెల్లయింది పాపా, దీంట్లో నన్ను గురించి ఒక మాట అంటాది, అది ఇనేదానికి అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ మాట కోసం నెలల తరబడి మూటల మీద కూర్చున్నాడు మా నాయన.

తర్వాత తనే అన్నాడు, నాది ఈడ సౌకార్‌పేట గదా, ఆడ కోయంబత్తూరులో నొక్కేది వాడే గదా, ఇద్దరం ఒకే టైముకు ఇంటా ఉండామని సంతోషపడతా ఉంటి అని.

అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది. లైను సంగతి, ఊరు సంగతి. తన ఫోన్ తీసుకుని నొక్కి చూపించాను. నా స్క్రీన్ మీద కోయంబత్తూరు పడింది. చూశాడు. మళ్ళీ నొక్కమన్నాడు. నొక్కాను.

అయితే ఆడ ఎవురూ లేరా అన్నాడు.

12 సెప్టెంబరు, శుక్రవారం

నాయన ఫోన్ కూడా తీసేసి రిపోర్ట్ తీశాను. జూన్ నుంచి ఇవాళ్టిదాకా, సున్నా.

13 సెప్టెంబరు, శనివారం

నిన్న నాయన నొక్కలేదు, ఇవాళా నొక్కలేదు. రెండు రోజులుగా అమ్మ మంచినీళ్ళతో సరిపెడుతోంది. బస్సెక్కి వేరే ఊరు పోయినాడేమో, మనం పోయి వాణ్ణి బెదరగొట్టినామేమో అంటోంది. నిజం చెప్పడానికి వంటింటి గడప దాకా వెళ్ళాను. ఆమె నాయన కొన్న ఆ కొత్త చొక్కాను మడత విప్పి, నీడలో ఆరేసి, మళ్ళీ మడత పెడుతోంది. ఎక్కడ దొరికిందో ఆమెకి. వెనక్కి వచ్చేశాను.

15 సెప్టెంబరు, సోమవారం

3:05. కోయంబత్తూరు.

అంతా తెలిసి నొక్కాడు. రాత్రి కంచం ముందు నొక్కినాడమ్మా అన్నాను. అమ్మ అన్నం పెట్టుకుంది. నాయన తల ఎత్తలేదు. చీరల కొట్టువాళ్ళకి చేసేదే ఇంట్లోనూ చేస్తున్నాను. అక్కడ జీతం ఇస్తారు.

వాడు రాడు. ఈ మాట ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

19 సెప్టెంబరు, శుక్రవారం

ఉదయం నాయన నన్ను బస్టాపు దాకా దింపాడు. బస్సు కనిపించాక అన్నాడు, ఆదివారాలు నాకు కుదరదు పాపా, మీ అమ్మ ఎదురుగానే ఉంటాది, అది నువ్వు చూసుకో అని.

21 సెప్టెంబరు, ఆదివారం

మేడ మీదికి వెళ్ళి, నాయన ఫోన్ అడిగి తెచ్చుకుని నొక్కాను. నలభై సెకన్లు. మధ్యలో ఆపలేదు.

కిందికి దిగి చెప్పాను. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నా వైపు కాదు, నాయన వైపు తిరిగింది. ఇనినారా, ఆదివారం గూడా నొక్కినాడంట అంది.

ఇన్నాను అన్నాడు నాయన.