కన్నడంలో పిలిస్తే

శుక్రవారం, రాత్రి

గుంతకల్లులో కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకున్న ముసలి కుక్క ఈరోజు పొద్దున కూడా అన్నం ముట్టలేదు. ఎలా పిలిచినా తల ఎత్తలేదు. పాలు పోయడానికి వచ్చిన బసవన్న చూసి, "చెవుడు కాదులే అక్కా, కన్నడమోళ్ళ ఇంట్లో పెరిగిండాదేమో," అంటూ "బారో, ఇల్లి బా" అని, ఇటు రమ్మని కన్నడంలో పిలిచాడు.

కుంటుతూనే పరిగెత్తింది. ఆయన చేతులు, కాళ్ళు వాసన చూసింది. ఊగుతున్న తోక ఆగిపోయింది.

"నేను కాదప్పా మీవోణ్ణి," అన్నాడు బసవన్న.

సాయంత్రం గిన్నె పట్టుకుని నేనూ "బారో" అన్నాను. లేచి, నన్ను దాటుకుని గేటు దాకా వెళ్ళి వీధిలోకి చూసింది. చాలాసేపటికి తిరిగొచ్చి నాలుగు ముద్దలు తిన్నది.

రేపూ అలాగే పిలవాలి. పిలిస్తే తన పాత ఇంటివాళ్ళే వచ్చారనుకుంటుంది. పిలవకపోతే తినదు...