ముందుకొచ్చిన వర్క్‌షాపు

ఫిబ్రవరి 4

ఈ రోజు నుంచి ట్రాక్టర్ల ఏజెన్సీ నాది. నాన్న సంతకం పెట్టి, కుర్చీ ఖాళీ చేసి, ఇక నీ ఇష్టమమ్మా అన్నాడు. ఊళ్లో మొదటి ట్రాక్టర్ అమ్మిన మనిషి కూర్చున్న కుర్చీ. కూర్చుంటే కాళ్లు నేలకి ఆనలేదు. అయినా దర్జాగానే కూర్చున్నాను.

సాయంత్రం ఏరియా మేనేజర్ వచ్చాడు. మెడకి టై, నోట్లో అన్నీ పెద్ద మాటలు. ఊరు పెరుగుతోంది, మీ అమ్మకాలు పెరగట్లేదు మేడమ్ అన్నాడు. ఈ సీజన్‌లో గ్రోత్ చూపించకపోతే బైపాస్ మీద రెండో డీలర్‌షిప్ వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. అదే జరిగితే మా షాపు మూతే. నాన్న జీవితమంతా కట్టిన షాపు, నా చేతికొచ్చిన ఏడాదే మూత.

గ్రోత్ స్ట్రాటజీ ఏమన్నా ఉందా అని అడిగాడు. ఎప్పుడో రెడీ సార్ అన్నాను. నా నోటికి తాళం లేదు.

ఫిబ్రవరి 5

స్ట్రాటజీ అంటే అసలేమిటని మా ఆయన్ని అడిగాను. నిన్న అడగాల్సింది అన్నాడు.

మార్చి 20

షోరూమ్ తయారైంది. అద్దాల తలుపులు, ఏసీ, మొహం కనబడే తెల్ల టైల్స్. గ్రీజు, చప్పుడు కనబడకూడదని వర్క్‌షాపుని వెనక గోడ అవతలికి మార్పించాను. ఏరియా మేనేజర్ మురిసిపోయి ఫొటోలు తీసుకున్నాడు. ఇది మేడమ్ స్ట్రాటజీ అంటే అన్నాడు. నేనూ కాలరెగరేశాను.

నాన్న వచ్చి, చెప్పులు రెండుసార్లు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టాడు. చుట్టూ చూసి, బాగుంది అన్నాడు. ఎవరింటికైనా మొహమాటానికి వెళ్లినప్పుడు అనే బాగుంది అది.

ఏప్రిల్ 11

ఈగలు తోలుకుంటున్నాం అందామంటే, ఏసీ వల్ల ఈగలు కూడా రావట్లేదు.

ఏప్రిల్ 19

నాన్న షాపుకి రావడం మానేశాడు. మోకాళ్ల నొప్పులట. ఇంట్లో మాత్రం మేడ మీదికి పదిసార్లు ఎక్కి దిగుతున్నాడని అమ్మ చెప్పింది.

మే 6, మధ్యాహ్నం

మీసాల బాబాయ్ వచ్చాడు. మొదటి ట్రాక్టర్ నుంచీ అన్నీ మా దగ్గరే కొన్న రైతు. అద్దం బయట నిలబడి లోపలికి తొంగిచూశాడు. తర్వాత తన కాళ్ల బురద చూసుకున్నాడు. నా టైల్స్ చూశాడు. వెనక్కి తిరిగాడు.

బాబాయ్, బాబాయ్ అని రోడ్డు మీదికి పరిగెత్తాను. స్నానం చేసి మళ్లీ వస్తాలే అమ్మాయ్ అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. చెంప ఛెళ్లుమన్నట్టయింది. బురదలో బతికే మనుషులకి ట్రాక్టర్లు అమ్ముతూ, బురద కాళ్లు లోపలికి రాలేని కొట్టు కట్టానా! ఎంత తెలివితక్కువదాన్ని!

మే 9

రిపేరుకొచ్చిన ట్రాక్టర్ సరిగ్గా గేటు ముందే మొరాయించింది. గేర్‌బాక్స్ పట్టేసింది. వెనక్కి తోయడం కుదరక మా మెకానిక్ అక్కడే విప్పేశాడు.

ఇక చూడాలి! రోడ్డున పోయేవాళ్లంతా ఆగారు. ఒకడు బేరింగ్ పోయిందన్నాడు, ఇంకొకడు నీ మొహం, ఆయిల్ మార్చలేదన్నాడు. చూడ్డానికొచ్చినవాళ్లలో ఇద్దరు నాగళ్లకి కర్రులు కొన్నారు. ఒకతను మట్టి గుల్ల చేసే రోటవేటర్ బుక్ చేశాడు. నెల రోజుల్లో ఇదే మొదటి బేరం.

ఇంతమందిని ఏం మాయ చేశావయ్యా అని మెకానిక్‌ని అడిగాను. ఏమీ చెయ్యలేదమ్మా, విప్పాను, బిగించాను అన్నాడు.

మే 10

రాత్రంతా ఆలోచించాను. రైతుకి ఉండే భయం ఒక్కటే. దుక్కి మధ్యలో బండి ఆగిపోతే దిక్కెవరు? మెరిసే బండిని చూపిస్తే ఆ భయం పోదు. ఆగిపోయిన బండి కళ్ల ముందు మళ్లీ కదిలితే పోతుంది. అది చూపించే వర్క్‌షాపుని నేను తీసుకెళ్లి గోడ వెనక దాచాను.

వర్క్‌షాపు ముందుకి, షోరూమ్ వెనక్కి. ఇదీ నా స్ట్రాటజీ. కుదురుగా ఉండలేవా అన్నాడు మా ఆయన. ఉండలేను. మొదటి టైలు నేనే పగలగొట్టాను. ఆ దెబ్బ ఎంత హాయిగా ఉందో!

మే 24

నాన్న వచ్చాడు! మోకాళ్లేమయ్యాయో మరి. నాకేసి చూడనైనా చూడలేదు. తిన్నగా మెకానిక్ దగ్గరికి పోయి, ఈ క్లచ్ ఎవడు బిగించాడ్రా అని అరిచాడు. బోర్లించిన డ్రమ్ము మీద చీకటిపడేదాకా కూర్చున్నాడు. వచ్చినవాడికల్లా సలహాలు, తిట్లు.

నేను వెనక గదిలోకి పోయి ఏడ్చాను. సంతోషంతోనే. ఎవరికీ చెప్పను.

జులై 2

ఏరియా మేనేజర్ వచ్చి నిప్పులు చెరిగాడు. కంపెనీ డ్రాయింగ్‌లో షోరూమ్ ముందుండాలట. ఇది డీలర్‌షిప్పా, పాత సామాన్ల కొట్టా అన్నాడు. ఫొటో తీసి పైవాళ్లకి పంపుతానన్నాడు. తీయండి సార్, నిలబడ్డ జనం కూడా పడేలా తీయండి అన్నాను. పైకి అన్నాను గానీ, లోపల దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

అరుస్తూనే ఉన్నాడు, ఇంతలో మీసాల బాబాయ్ ఒక స్పానర్ తెచ్చి, కాస్త పట్టుకో నాయనా అని ఆయన చేతిలో పెట్టాడు. పట్టుకున్నాడు. టైకి గ్రీజంటింది. పొద్దుగూకేదాకా కదల్లేదు. ఫొటో మాత్రం తీశాడు.

ఆగస్టు 30

సీజన్ అయిపోయింది. ఏజెన్సీ పెట్టినప్పటి నుంచి ఇన్ని బళ్లు ఎప్పుడూ పోలేదు. నాన్న హయాంలో కూడా! ఆ మాట ఆయనే నలుగురిలో అన్నాడు. నేను నేల మీద నడవట్లేదు.

సెప్టెంబర్ 18

కంపెనీ నుంచి ఫోన్. రెండో డీలర్‌షిప్ ఎలాగూ ఇస్తున్నారట. ఇక మా షాపు మూతే అనుకున్నాను. తర్వాతి మాట, అది మీ కుటుంబానికే ఇస్తామని, వర్క్‌షాపు ముందుండేలాగే కట్టమని. కాకపోతే పేరు వేరే, టార్గెట్ వేరే ఉండాలి.

ఎవరు చూసుకుంటారా అని భోజనాల దగ్గర తల పట్టుకున్నాను. నేనున్నాగా అన్నాడు నాన్న. నువ్వు రిటైరయ్యావుగా అన్నాను. రిటైరయ్యింది నీ కొట్టు నుంచే అన్నాడు, పెరుగు కలుపుకుంటూ.

నవంబర్ 7

బైపాస్ మీద షాపు తెరిచి వారం కాలేదు, అప్పుడే నాన్న నా కస్టమర్ని ఎత్తుకుపోయాడు. అడ్వాన్స్ ఒక్కటే తక్కువ, బేరం అయిపోయినట్టే అనుకున్న మనిషిని! సిగ్గు లేదా అని ఫోన్ చేశాను. వ్యాపారంలో కూతురేంటమ్మా అని పెట్టేశాడు.

రేపు తెల్లారేసరికి బైపాస్ పక్క పొలంలో నా డెమో ట్రాక్టర్ ఉంటుంది. సరిగ్గా ఆయన షాపు ఎదురుగా.