భోజనాలకు ముందే మీటింగు

7 అక్టోబర్ 2003, మంగళవారం

ఆయుర్వేదం పుస్తకం ఇండెక్స్ ఇచ్చేద్దామని కోటగుమ్మం దగ్గర పబ్లిషర్ షాపుకి వెళ్ళాను. అతిమధురం దగ్గర్నుంచి హారతి కర్పూరం దాకా ఏ మాట ఏ పేజీలో ఉందో అంతా సరిచూసి పట్టుకెళ్ళాను. ఆయన తీసుకున్నారు, బాగుందన్నారు. తర్వాతి పుస్తకం అడిగితే మాత్రం మొహం తిప్పుకుని మాట్లాడారు. దీపావళి నుంచి ఇండెక్స్ పని సంఘం పంపినవాళ్ళకే ఇస్తారట.

నేనూ సంఘమే కదండీ అన్నాను.

"మీరు సహాయ సభ్యులంటండి. అసలు సభ్యుల్లో లేరంట" అన్నారు.

సంఘంలో చేరి తొమ్మిదేళ్ళయింది. ఆ మాట వినడం ఇదే మొదలు.

8 అక్టోబర్, ఉదయం

హనుమంతరాజు గారింటికి వెళ్ళొచ్చాను. మా ఇండెక్స్ కర్తల, ప్రూఫ్ రీడర్ల సంఘం పుట్టినప్పట్నుంచీ ఆయనే ప్రెసిడెంటు. నాకు పని నేర్పింది కూడా ఆయనే. చీటీలు అక్షరక్రమంలో ఎలా పేర్చాలో, ఒకే మందుకి రెండు పేర్లుంటే ఏది ముందు పెట్టాలో, వాళ్ళ వరండాలో కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. అది ఎప్పటికీ మర్చిపోను.

కాఫీ ఇప్పించి నెమ్మదిగా విషయం చెప్పారు. ఇంట్లో కూర్చుని పని చేసేవాళ్ళంతా సహాయ సభ్యులట. వాళ్ళకి ఓటుండదు. పని పంచేటప్పుడు వంతు ఉండదు. కంప్యూటర్లు వచ్చేశాయి, పబ్లిషర్లు తొందరపడుతున్నారు, రోజూ ప్రెస్సుకి వచ్చి కూర్చునేవాళ్ళే కావాలంటున్నారట.

ఇంట్లో కూర్చుని చేసేది ఎవరు? మేమే. ఆడవాళ్ళం. అందులో ఒక్క మగాడు లేడు.

ఎవరు నిర్ణయించారండీ అని అడిగాను.

"జనరల్ బాడీయే కదమ్మా. పోయినేడు వనభోజనాల్లో. నువ్వూ ఉన్నావు ఆ రోజు."

అదే రోజు, సాయంత్రం

నిజమే, ఉన్నాను. మామిడితోట. మగాళ్ళు తినేసి చెట్లకింద చాపల మీద వాలారు. హనుమంతరాజు గారేదో కాగితం చదివారు. ఎవరో ఏకగ్రీవం అన్నారు. చప్పట్లు వినబడ్డాయి. నేను ఆడవాళ్ళ బంతికి పులిహోర వడ్డిస్తున్నాను.

నా ఓటు పోతుంటే నేను పులిహోర వడ్డిస్తున్నాను!

12 అక్టోబర్

సెక్రటరీ అప్పాజీ గారిని కలిశాను. మంచి మనిషే, కాకపోతే ప్రెసిడెంటు గారి మాట జవదాటరు. ఈ నిర్ణయం మార్చాలంటే ఏం చెయ్యాలండీ అని అడిగాను. అటూ ఇటూ చూసి చెప్పారు. పదిమంది అసలు సభ్యులు సంతకాలు పెట్టి అడిగితే ఏ విషయమైనా జనరల్ బాడీ ముందు పెట్టి తీరాలి. సహాయ సభ్యులు అడగడానికి లేదు.

అంటే, మాకు ఓటు కావాలని మగాళ్ళు అడగాలి.

సరే. అడిగిస్తాను.

14 అక్టోబర్

జంగారెడ్డిగూడెం నీలవేణికి ఫోన్ చేశాను. వ్యవసాయం పుస్తకాలకి ఇండెక్స్ చేస్తుంది, జీడిమామిడి గురించి నాకంటే బాగా తెలుసు. సంగతి చెప్పాను. విరుచుకుపడింది. పోయినేడు రెండు బస్సులు మారి వచ్చి తోటలో వంకాయలు తరిగిందట. "జనరల్ బాడీ అంటే వంకాయలనుకున్నానక్కా" అంది. ఈసారి కత్తిపీట ముట్టనంది.

19 అక్టోబర్, ఆదివారం

యెహెజ్కేలు గారు చర్చి నుంచి వచ్చేదాకా వాళ్ళ గుమ్మంలో కూర్చున్నాను. ప్రూఫులు చూస్తారు, సంఘంలో అసలు సభ్యుడు. కానీ జనరల్ బాడీలో ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఎందుకు రారని ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు. ఇవాళ అడిగాను.

వనభోజనాలంటే ముందు ఉసిరిచెట్టు కింద పూజ. ఆయన దూరంగా నిలబడితే అందరూ ఆయన వంకే చూస్తారు. ఒకసారి వెళ్ళి ఇంక మానేశారట. "పూజతో నాకు గొడవేం లేదండి. మీ పూజ మీరు చేసుకోండి. మీటింగుని మీటింగులా పెడితే నేనెందుకు రానండి?" అన్నారు.

మాకు ఓటివ్వాలని రాసిన కాగితం చూపించాను. సంతకం పెట్టారు. మిగతా సంతకాలు తనే చేయిస్తానన్నారు. ఇంకొక్క షరతు కూడా రాయమన్నారు. ఎన్నికలు హాల్లో, చీటీలతో జరగాలి. రాశాను.

22 అక్టోబర్

పని రాలేదు.

23 అక్టోబర్

పని రాలేదు. బీరువా సర్దాను. కోపం తగ్గలేదు.

25 అక్టోబర్, దీపావళి

హనుమంతరాజు గారు మా ఇంటికొచ్చారు. స్వయంగా. ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. నాతో కాకుండా మా ఆయనతో, నా పేరెత్తి మొదలుపెట్టారు. "చిన్నమ్మాయి నా చేతికింద పని నేర్చుకుంది, బంగార్రాజు గారూ. నా కూతురి లాంటిది. ఈ సంతకాలూ అవీ ఎందుకండీ? రేపే అసలు సభ్యురాల్ని చేసేస్తాను."

నన్ను ఒక్కదాన్నే.

నీలవేణి సంగతేంటండీ అన్నాను. మిగతావాళ్ళ సంగతి?

"అందరికీ ఇస్తే సంఘం సంఘంలా ఉండదమ్మా."

నిజం రాస్తున్నాను, ఒక్క క్షణం ఆశపడ్డాను. పని లేక చేతులు ఊరికే ఉండటం లేదు. సరేనంటే రేపే పుస్తకం వస్తుంది. అంతలో నీలవేణి వంకాయల మాట గుర్తొచ్చింది. వద్దండీ అన్నాను. ఇస్తే అందరికీ ఇవ్వండి, లేకపోతే నాకూ వద్దు. ఆయన మొహం చిన్నబోయింది. కాఫీ పూర్తిగా తాగకుండానే లేచారు.

ఆయన వెళ్ళాక మా ఆయన కేకలేశారు. ఇంటికొచ్చి ఇస్తానన్నదాన్ని కాలదన్నుకుంటారా అన్నారు. నేనూ అరిచాను. వీధిలో టపాకాయల చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

27 అక్టోబర్

మా ఆయన మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడను.

9 నవంబర్

వనభోజనాల కార్డు వచ్చింది. పదహారో తారీకు, కడియం దగ్గర మామిడితోట. పూజ, భోజనాలు, భోజనానంతరం జనరల్ బాడీ. మా విషయం కార్డులో లేదు. యెహెజ్కేలు గారు పది సంతకాల కాగితం పట్టుకెళ్ళి అడిగితే 'ఇతర అంశాలు' కింద చూద్దామన్నారట. ఇతర అంశాలు వచ్చేసరికి అందరూ గుర్రు పెడుతుంటారు.

మా ఆయన కార్డు తీసి చదివారు. ఇన్నాళ్ళకి నోరు విప్పారు. మీరంతా మీటింగులో కూర్చుంటే వడ్డన ఎవరు చేస్తారన్నారు. ఎవరూ చెయ్యరన్నాను. కండక్టరు డ్యూటీకి సెలవు పెట్టి తనూ వస్తానన్నారు. ఎందుకో చెప్పలేదు.

16 నవంబర్, ఆదివారం

ఇప్పుడే వచ్చాం. చీర కూడా మార్చకుండా రాస్తున్నాను.

పూజ అయింది. గుండిగలు వరసగా పెట్టారు, మూతలు వేసి ఉన్నాయి. అరిటాకులు పరిచారు. మగాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. మేమూ వెళ్ళి బంతిలో కూర్చున్నాం. నీలవేణి నా పక్కన, మిగతావాళ్ళు వరసగా. గుండిగల దగ్గర ఒక్క మనిషి లేదు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. "వడ్డించండమ్మా, పొద్దెక్కింది" అన్నారు హనుమంతరాజు గారు.

నేను లేచాను. "భోజనాలకి ముందే మీటింగు పెట్టండి. అయ్యాక మేమే వడ్డిస్తాం" అన్నాను.

సహాయ సభ్యులు ప్రతిపాదించడానికి లేదన్నారు ఆయన.

"నేను ప్రతిపాదిస్తున్నానండి" అని వెనకనించి వినబడింది. యెహెజ్కేలు గారు. తోట గేటు దగ్గర్నుంచి తెల్లచొక్కాతో నడిచొస్తున్నారు. చాలామంది ఆయన్ని జనరల్ బాడీలో చూడటం ఇదే మొదటిసారి.

గోల మొదలైంది. తినేసి మాట్లాడుకుందామని కొందరు. ఆడవాళ్ళు ఇలా చెయ్యడమేంటని కొందరు. హనుమంతరాజు గారు మా ఆయన వైపు తిరిగారు. "మీరైనా చెప్పండి బంగార్రాజు గారూ."

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నాకీ సంఘంలో ఓటు లేదండి. నేనెలా చెప్తాను?"

నీలవేణి పకపకా నవ్వింది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళలో ఒకడు, ఏదో ఒకటి తేల్చండి బాబూ, ఆకలి చంపేస్తోంది అని అరిచాడు.

అప్పుడు హనుమంతరాజు గారు నా దగ్గరికొచ్చారు. గొంతు తగ్గించి, "నేను మీకేం తక్కువ చేశానమ్మా?" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు తక్కువ చెయ్యలేదండి. మమ్మల్ని అడగలేదు" అన్నాను.

చివరికి అక్కడే మీటింగు పెట్టి, మా కాగితం చదివి చేతులెత్తమన్నారు. అప్పాజీ గారు వేలుతో లెక్కపెట్టుకుంటూ వచ్చారు. మా దగ్గరికొచ్చేసరికి వేలు మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. అది మాత్రం జన్మలో మర్చిపోను. కానీ ఆయన నిజాయితీగానే లెక్కపెట్టారు. మూడు చేతుల తేడాతో నెగ్గాం. ఇంట్లో పని చేసేవాళ్ళందరూ అసలు సభ్యులే. ఎన్నికలు వచ్చే నెల, హాల్లో, చీటీలతో.

న్యాయం చూసి చేతులెత్తారా, గుండిగలు చూసి ఎత్తారా? నాకు తెలీదు. పోయినేడు కడుపు నిండి మా ఓటు తీసేశారు. ఈ ఏడు ఆకలేసి ఇచ్చారు. ఏదైతేనేం, తీసుకున్నాం.

మేం లేవబోతుంటే మా ఆయన అప్పటికే పులిహోర బకెట్టు అందుకున్నారు. బస్సులో టిక్కెట్లు కొట్టుకుంటూ పోయినట్టు చకచకా వడ్డించుకుంటూ వచ్చారు. మా బంతికే ముందు.

హనుమంతరాజు గారు తిన్నారు. తినకుండా వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను. చెయ్యి కడుక్కుంటూ, ఇంత మొండితనం ఎక్కడ నేర్చుకున్నావు అన్నారు. మీ వరండాలోనే అన్నాను. ఆయన నవ్వలేదు.

17 నవంబర్

ఒళ్ళంతా నొప్పులు. హాయిగా ఉంది.

30 నవంబర్

నామినేషన్ వేశాను. ప్రెసిడెంటు పదవికి.

గెలుస్తావా అన్నారు మా ఆయన. గెలవనన్నాను. మరెందుకన్నారు. ఈసారి ఏకగ్రీవం కాకూడదు, అందుకే.

14 డిసెంబర్, ఆదివారం

ఓడిపోయాను, మళ్ళీ హనుమంతరాజు గారే గెలిచారు. చీటీలు రెండుసార్లు లెక్కపెట్టించాను. నాకు పడిన వాటిలో ఒకదాని మీద ఎవరో 'చిన్నమ్మాయి గారు' అని రాశారు. అచ్చు వేసిన పేరు పక్కన పెన్నుతో గారు అని చేర్చారు. అదనంగా రాశారు కాబట్టి ఆ ఓటు చెల్లదంటున్నారు. దానివల్ల ఫలితమేం మారదు. అయినా ఒప్పుకోలేదు. హాలు తాళం వేస్తామంటే మెట్ల మీద నిలబడి ఇంకా వాదిస్తున్నాం, అక్కడే ఇది రాస్తున్నాను.