అవుట్‌బాక్స్‌లో రాజీనామా

నోవై, శనివారం పొద్దున

ప్రియమైన విద్య వదినకి,

ఏళ్ళ తరబడి మోస్తున్న ప్రశ్న ఒకటుంది. ఒక పని మనకిక వద్దని తెలియడానికీ, దాన్ని మానేయడానికీ మధ్య మనిషికి ఇంత కాలం ఎందుకు పడుతుంది?

కారు సీట్ల మన్నిక మీద రిపోర్టులు రాసే ఉద్యోగం వదిలేసి, ఇక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుందామని ఇవాళ రాజీనామా రాశాను. సెండ్ నొక్కాను. అది వెళ్ళకుండా అవుట్‌బాక్స్‌లో కూర్చుంది. చూస్తే లాప్‌టాప్‌కి వైఫై లేదు. ఫోన్లకుంది, టీవీకుంది, ఆఖరికి ఫ్రిజ్‌కి కూడా ఉంది. సోమవారంలోగా ఇది తేలకపోతే కాలేజీవాళ్ళు ఇంకొకర్ని తీసుకుంటారు.

కాల్ చేస్తే అన్నయ్య ఫోన్ లాక్కుని ఉపన్యాసం మొదలుపెడతాడని ఇలా నా ఫోన్‌లోంచి మెయిల్ రాస్తున్నాను.

నీ ఆడపడుచు,
గిరిజ

తా.క. రాజీనామా సంగతి ఈయనతో చెబితే "నీ ఇష్టం" అన్నారు.

ఫ్రిస్కో

గిరిజా,

నీ ప్రశ్నలకి జవాబులు చెప్పడం నా పెళ్ళైన ఏడాదే మానేశాను. వైఫై సంగతి చూద్దాం. రౌటర్ వైరు పీకేసి, కాఫీ తాగి, మళ్ళీ పెట్టు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి. మా ఆఫీసులో నా కింద బోలెడంతమంది ఇంజనీర్లున్నారు. వాళ్ళకీ నేను చెప్పేది ఇంతే.

వదిన

తా.క. మీ అన్నయ్య "నీ ఇష్టం" అన్న ఏ పనీ మా ఇంట్లో ఇంతవరకు జరగలేదు. మీ ఆయన, అదే తిరుపతయ్య అన్నయ్యగారు, ఆ రౌటర్ చుట్టుపక్కల తిరగడం గానీ చూశావా?

నోవై, మధ్యాహ్నం

వదినా,

కాఫీ రెండుసార్లు తాగాను. వైఫై రాలేదు.

ఆయన రౌటర్ దగ్గర తిరిగిన మాట నిజమే. ఏమిటని అడిగితే "చార్జర్ వెతుక్కుంటున్నా" అన్నారు. నువ్వలా రాశాక ఆ చార్జర్‌ని కూడా నమ్మబుద్ధి కావడం లేదు. ఇందాక పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. మాట్లాడకుండా తిన్నారు. అదీ అనుమానంగానే ఉంది.

గిరిజ

తా.క. మా నైనిక "అమ్మా, నువ్వు డాడీని అలా స్టేర్ చేయకు, క్రీపీగా ఉంది" అంటోంది.

ఫ్రిస్కో

గిరిజా,

చిన్న పొరపాటు జరిగింది. నీ ఉత్తరాలు మీ అన్నయ్య చదివాడు. చదివి ఊరుకున్నాడా, మీ ఆయనకి ఫోన్ చేసి "ఏం బావా, మా చెల్లెలి నెట్ కట్ చేస్తావా" అన్నాడు. పాపం ఆయన "కట్ చేయడమేంటి బావా, కొత్త రౌటర్ కొందామని షాప్‌లో లైన్లో నిలబడ్డా" అన్నారట. ఆయన "నీ ఇష్టం"కి అర్థం నిజంగానే నీ ఇష్టమట. అలాంటి మగాళ్ళుంటారని నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నిజం చెప్పు. నెట్ పోకముందు ఆ లాప్‌టాప్‌ని ఏం చేశావు?

వదిన

తా.క. పొద్దుటినుంచి ఫోన్‌లోంచి నాకిన్ని మెయిళ్ళు కొట్టావు. ఆ రాజీనామా ఒక్కటీ ఫోన్‌లోంచి పంపలేవా?

నోవై, సాయంత్రం

వదినా,

ఏమీ చేయలేదని రాయబోయి ఆగాను. నిన్న ఆయుధపూజ చేసుకున్నాం. మిక్సీకీ, కారుకీ, లాప్‌టాప్‌కీ బొట్లు పెట్టాను. లాప్‌టాప్‌కి నుదురెక్కడో తెలియక, పై వరసలో ఎప్పుడూ వాడని మీట ఒకటి చూసి తడికుంకుమ గట్టిగా అద్దాను. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని చూస్తే కుంకుమ కింద బుల్లి విమానం బొమ్మ ఉంది. విమానంలో కూర్చున్నప్పుడు నెట్ ఆపేసే మీట అది.

కొత్త రౌటర్ చంకలో పెట్టుకుని వచ్చిన మనిషికి అంతా చెప్పి, "దీన్ని వాపసిచ్చేద్దామా?" అన్నాను. "నీ ఇష్టం" అన్నారు.

మీట ఇంకోసారి నొక్కితే చాలు, రాజీనామా దానంతటదే వెళ్ళిపోతుంది. ఇందాకటినుంచి దాని మీద వేలు ఆనించి కూర్చున్నాను. నువ్వడిగినదానికి జవాబు: ఫోన్‌లోంచి పంపొచ్చు. ఆ సంగతి పొద్దుటినుంచీ నాకు తెలుసు. మరి ఇంతసేపూ ఆపింది అమ్మవారా, నేనా? నొక్కాలో వద్దో నాకింకా తేలడం లేదు.

గిరిజ

తా.క. పెట్టిన బొట్టు చెరపకూడదంటారు కదా. నొక్కితే చెరిగినట్టేనా?