బావ పూసిన గ్రీజు

ఆదివారం, రాత్రి

టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్‌లో కాంతిగా వచ్చే ఆడియోను స్పీకర్లకు అందించాలని నేను తయారుచేసిన రిసీవర్ నాలుగు రోజులుగా మూగబోయింది. చిప్ మార్చాను, సోల్డరింగ్ మళ్లీ చేశాను. చివరికి ఈరోజు టార్చి వేసి చూస్తే కేబుల్ దూర్చే సాకెట్ నిండా గ్రీజు!

అక్క మొగుడి పని.

"యారాడ ఉప్పుగాలికి తుప్పట్టేత్తాదని రాసేను బామ్మర్దీ. పడవలో వైర్‌లెస్ సెట్టుకీ అలాగే సేత్తాను," అన్నాడు.

కాంతి వచ్చే దారినే మూసేశాడు మహానుభావుడు! తిట్టబోయి నవ్వేశాను. అసలు ఇదంతా ఆయన కోసమే.

తుడవగానే పాట మోగింది. బావ స్పీకర్‌కు చెవి ఆనించి, "ఇంకాస్త పెంచు బామ్మర్దీ," అన్నాడు.

అప్పటికే కిటికీలు అదురుతున్నాయి. ఇన్నేళ్లు పడవ ఇంజన్ పక్కన కూర్చున్న చెవులు... వాల్యూమ్ నాబ్ చివరికంటా తిరిగే ఉంది. ఊరికే తిప్పినట్టు నటించాను.

"ఆఁ, ఇప్పుడు బాగున్నాది," అన్నాడు.